పాత వ్యాన్‌లో క్లచ్ ఆయిల్ కారుతుంటే: కిట్ వేయాలా, సిలిండర్ మార్చాలా, అన్నీ ఒకేసారి చేయించాలా?

దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతున్నాం. మా పాత టెంపో ట్రావెలర్‌లో పదకొండు మంది ఉన్నారు. ఒక మలుపు ముందు మూడో గేరు నుంచి రెండుకు దించబోతే గేరు గరగరమంది. క్లచ్ మళ్లీ నొక్కాను. కాలికి ఏమీ తగల్లేదు. పెడల్ నేల దాకా వెళ్లి అక్కడే ఉండిపోయింది. బొటనవేలు కింద పెట్టి పైకి లాగితే గానీ రాలేదు. నాలుగైదు సార్లు గబగబా కొట్టాక కాస్త బరువు వచ్చింది. ఆ కాస్త బరువుతోనే రెండో గేరు వేసి, రోడ్డు వెడల్పుగా ఉన్న చోట పక్కకు తీసి ఆపాను.

అంతకు పది రోజుల ముందే ఒక షెడ్డులో, గేర్ బాక్స్ పక్కనుండే కింది క్లచ్ సిలిండర్‌కు కిట్, అంటే లోపలి రబ్బర్ల సెట్, వేయించాను. "ఇంక చూసుకోనక్కర్లేదన్నా" అన్నారు. కింది సిలిండర్ నిజంగానే పొడిగా ఉంది. ఈసారి కారింది పెడల్ దగ్గరుండే పై సిలిండర్. పెడల్ దగ్గర మ్యాట్ ఎత్తితే కింద రేకు తడితడిగా ఉంది, దాని మీద పెయింట్ పొంగి గోకితే ఊడి వచ్చేస్తోంది. అంటే ఆ కారడం ఆ రోజు మొదలైంది కాదు, ఎన్నాళ్ల నుంచో ఉంది. మ్యాట్ ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

అప్పటి నుంచి ఈ పని మా బండికీ, తెలిసినవాళ్ల బండ్లకూ దగ్గరుండి చేయించాను, కొంత నేనే చేశాను. షెడ్డుకు వెళ్లగానే "కిట్ వేయమంటారా, అసెంబ్లీ మార్చమంటారా?" అని అడుగుతారు. అసెంబ్లీ అంటే సిలిండర్ మొత్తం కొత్తది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు కారేది ఎక్కడో తెలియాలి. అది చూడకుండా ధర చూసి ఏది ఎంచుకున్నా రెండోసారి ఖర్చు తప్పదు.

మీ బండిలో ఉన్నది ఏ క్లచ్

మారుతి ఓమ్ని లాంటి వాటిలో క్లచ్ కేబుల్ మీద నడుస్తుంది. అక్కడ ఆయిలే ఉండదు, ఈ గొడవంతా వర్తించదు. టెంపో ట్రావెలర్, టయోటా క్వాలిస్ లాంటి బండ్లలో క్లచ్ హైడ్రాలిక్, అంటే ఆయిల్ ఒత్తిడితో నడిచేది. అందులో పోసేది బ్రేక్ ఆయిలే. ట్రావెలర్‌ను బజాజ్ టెంపో కంపెనీ 1987లో మెర్సిడెస్ టీ1 వ్యాన్ డిజైన్ ఆధారంగా మొదలుపెట్టింది. 2005లో కంపెనీ పేరు ఫోర్స్ మోటార్స్‌గా మారింది. స్పేర్ పార్ట్స్ షాపులో పాతవాళ్లు ఇప్పటికీ "టెంపో" అనే అంటారు, కంగారు పడకండి, అడిగేది ఆ బండి గురించే.

పెడల్ నొక్కితే పైనున్న మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ కదిలి ఆయిల్‌ను ఇనుప పైపులోకి నెడుతుంది. ఆ పైపు చివర ఒక రబ్బరు హోస్, దాని చివర గేర్ బాక్స్ పక్కన స్లేవ్ సిలిండర్. మెకానిక్‌లు ఈ రెండు సిలిండర్లనే పైది, కిందిది అంటారు. స్లేవ్ నుంచి బయటకొచ్చే రాడ్ ఫోర్క్‌ను తోస్తుంది, ఫోర్క్ రిలీజ్ బేరింగ్‌ను తోస్తుంది, ప్రెజర్ ప్లేట్ క్లచ్ ప్లేట్‌ను వదులుతుంది, ఇంజన్‌కూ గేర్ బాక్స్‌కూ పట్టు విడిపోతుంది. ఇందులో ఎక్కడ ఒక చుక్క బయటికి పోయినా, ఒక బుడగ లోపలికి వచ్చినా, కింద రాడ్ కదలాల్సినంత కదలదు. ప్లేట్ పూర్తిగా వదలదు కాబట్టి గేరు గరగరమంటుంది. ముందు తెలిసేది రివర్స్ గేరులో.

చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. బ్రేక్ ప్యాడ్లు అరిగేకొద్దీ బ్రేక్ ఆయిల్ మట్టం కొంచెం కొంచెం దిగుతుంది, అది మామూలే. క్లచ్‌లో అలా కాదు. తనంతట తానే సర్దుకునే స్లేవ్ ఉన్న బండిలో ప్లేట్ అరిగేకొద్దీ ప్రెజర్ ప్లేట్ వేళ్లు గేర్ బాక్స్ వైపు వస్తాయి, స్లేవ్ పిస్టన్ వెనక్కి జరుగుతుంది, ఆయిల్ పై సిలిండర్‌కు ఉండే డబ్బాలోకి తిరిగి వెళ్తుంది. అంటే మట్టం పెరగాలే గానీ తగ్గకూడదు. క్లచ్ డబ్బాలో ఆయిల్ తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. "పాత బండి కదా, కొంచెం తగ్గుతుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి.

కొన్ని బండ్లలో బ్రేకుకూ క్లచ్‌కూ కలిపి ఒకే డబ్బా ఉంటుంది. డబ్బాలో క్లచ్ పైపు కాస్త ఎత్తులో పెడతారు కాబట్టి క్లచ్ ఎండిపోయినా బ్రేకుకు కొంత మిగులుతుంది. అయినా ఆ బండిలో క్లచ్ లీకును బ్రేక్ లీకు అనుకునే చూడండి, వాయిదా వేయకండి.

కారేది ఎక్కడో పట్టుకోవడం

పావుగంట చాలు. టార్చ్, పాత గుడ్డ, రెండు పేజీల న్యూస్ పేపర్ తీసుకోండి. కిందకు దూరాలంటే బండిని సమతలంగా నిలిపి, చక్రాలకు రాళ్లు పెట్టి, ఎత్తాల్సి వస్తే స్టాండ్ల మీద నిలబెట్టండి. జాకీ ఒక్కదాని కింద దూరవద్దు.

మొదట క్యాబిన్. మ్యాట్ ఎత్తి, తల వంచి, పెడల్ రాడ్ ఫైర్‌వాల్‌లోకి (క్యాబిన్‌కూ ఇంజన్‌కూ మధ్య రేకులోకి) దూరే చోట చూడండి. అక్కడి రబ్బరు టోపీ తడిగా ఉన్నా, రాడ్ మీద నుంచి సన్నగా జారిన గీత ఉన్నా, పెయింట్ పొంగినా పై సిలిండర్ వెనక రబ్బరు పోయినట్టే. గుడ్డ కంటే వేలు నయం, టోపీ కింద వేలు పెట్టి తుడిచి చూడండి.

తర్వాత కింద. స్లేవ్ సిలిండర్ నోటికి రబ్బరు టోపీ ఉంటుంది. దాన్ని ఒక పక్కకు ఒలవండి. లోపల పొడి దుమ్ము ఉంటే మంచిది. కాస్త చెమ్మ ఉంటే అనుమానించాలి. ఒలిచీ ఒలవగానే మురికి నల్లటి ఆయిల్ బొట్లుగా కారితే తేలిపోయినట్టే, కింది సిలిండర్ పని అయిపోయింది. ఆ నలుపు అరిగిపోయిన రబ్బరూ, తుప్పూ. ఇంతకాలం టోపీలో నిండుతూ ఉంది కాబట్టి నేల మీద మీకు ఒక్క చుక్క కూడా కనిపించలేదు.

హోస్‌ను చేత్తో వంచండి. రబ్బరు మీద సన్నని పగుళ్లు ఉన్నాయా, ఇనుప కొనను నొక్కి బిగించిన చోట తడి ఉందా చూడండి. ఒక మనిషి పెడల్ గట్టిగా నొక్కుతుంటే ఇంకొకరు హోస్ పట్టుకుని ఉండాలి. చేతిలో ఉబ్బినట్టు తెలిస్తే ఆ హోస్‌కు కాలం చెల్లింది. కారకపోయినా సరే, మీ కాలి బలమంతా ఆ ఉబ్బులోనే పోతోంది. ఇనుప పైపు అయితే క్లిప్పుల కింద తుప్పు పడుతుంది, రాసుకునే చోట పలచబడుతుంది.

ఇక టెన్షన్ పెట్టేది గేర్ బాక్స్, ఇంజన్ కలిసే చోట, బెల్ హౌసింగ్ అడుగు నుంచి కారే చుక్క. అక్కడి నుంచి వచ్చేవి మూడు రకాలు: ఇంజన్ వెనక సీల్ నుంచి ఇంజన్ ఆయిల్, గేర్ బాక్స్ ముందు సీల్ నుంచి గేర్ ఆయిల్, స్లేవ్ లోపలే ఉండే బండిలో క్లచ్ ఆయిల్. కనిపించగానే గేర్ బాక్స్ దింపాలనేవాళ్లు ఉంటారు. ముందు ఆ చుక్కను రెండు వేళ్ల మధ్య రుద్ది, మీద కాసిని నీళ్లు పోసుకోండి. బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది, వేళ్లు ఇట్టే శుభ్రపడతాయి. ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్ నీళ్లతో పోవు, జిడ్డు అలాగే ఉంటుంది. వాటిలో గేర్ ఆయిల్‌కు గంధకం లాంటి ఘాటు వాసన ఉంటుంది. ఈ చిన్న పరీక్ష తెలియక, ఇంజన్ వెనక సీల్ కారుతుంటే క్లచ్ సిలిండర్ మార్పించుకున్నవాళ్లను చూశాను.

ఎక్కడా తడి లేదు, డబ్బా నిండుగానే ఉంది, అయినా పెడల్ మెల్లగా మునుగుతోందా? అప్పుడు ఆయిల్ బయటికి పోవడం లేదు, మాస్టర్ లోపలే ముందు రబ్బరు పక్క నుంచి వెనక్కి జారుతోంది. ఖాళీ స్థలంలో, ముందు ఎవరూ లేకుండా చూసుకుని, ఇంజన్ ఆన్‌లో ఉంచి ఫస్ట్ గేరు వేసి క్లచ్ పూర్తిగా నొక్కి నిమిషం పాటు కదపకుండా పట్టుకోండి. కుడికాలు బ్రేకు మీదకు వెళ్లడానికి సిద్ధంగా ఉండాలి. బండి తనంతట తాను ముందుకు లాగడం మొదలుపెడితే మాస్టర్‌నే అనుమానించాలి. దీన్నే ఇంకో రకంగా తేల్చడానికి హోస్‌ను ప్లయర్‌తో బిగించి పెడల్ గట్టిపడుతుందా అని చూస్తారు. హోస్ ఎలాగూ మార్చబోతున్నప్పుడే దీనికి ఒప్పుకోండి. పాత హోస్‌ను అలా నొక్కితే లోపలి పొర చిట్లుతుంది.

ఆయిల్ తగ్గక, పెడల్ మునగక, అయినా గేరు పడకపోతే హైడ్రాలిక్ వదిలేసి పెడల్ బుష్, ఫోర్క్, ప్రెజర్ ప్లేట్ చూడమనండి. సిలిండర్ మీద డబ్బు పెట్టకండి.

ఆయిల్ పోసుకుంటూ నడపడం

ఇల్లు చేరడానికి సరిపోతుంది, ట్రిప్పు ఒప్పుకోవడానికి సరిపోదు. డబ్బా మూత మీద రాసి ఉన్న గ్రేడే పోయాలి, మన పాత బండ్లకు డాట్ 3 గానీ డాట్ 4 గానీ ఉంటుంది. ఈ రెండూ కలిసినా ఫరవాలేదు. డాట్ 5 సిలికాన్ రకం, దీనిలో కలపకూడదు. ఇంజన్ ఆయిల్, స్టీరింగ్ ఆయిల్ లాంటివి ఒక్క మూతెడు పోసినా రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. అప్పుడు కిట్టా అసెంబ్లీనా అన్న చర్చే ఉండదు, పై నుంచి కింది దాకా మార్చుకోవాల్సిందే. రాత్రిపూట రోడ్డు మీద ఎవరో సాయం చేస్తూ పోసే ఆయిల్ విషయంలో జాగ్రత్త, డబ్బా మీద పేరు చదవందే పోయనివ్వకండి. లీకును ఆపేస్తుందని అమ్మే మందులు నేను వాడను, వాడమని చెప్పను.

కిట్

రబ్బర్లు మాత్రమే మార్చడం. అన్నిటికంటే చవక. కానీ ఇది సరిపోయేది ఒక్క సందర్భంలోనే, సిలిండర్ లోపలి గోడ నున్నగా ఉన్నప్పుడు.

పిస్టన్ బయటికి తీశాక లోపల శుభ్రమైన గుడ్డతో తుడిపించి, టార్చ్ వేసి మీరే చూడండి. మెకానిక్ చెబితే వినడం కాదు, మీ కళ్లతో చూడాలి. నల్లటి మరక తుడిస్తే పోయిందా, అది రబ్బరు మరక. పోకుండా చుక్కలుగా ఉంటే చిటికెన వేలి గోరు లోపలికి పెట్టి జార్చండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అది తుప్పు తిన్న గుంట. కొత్త రబ్బరు ఆ గుంట మీద రోజుకు వందల సార్లు తిరుగుతుంది, కొన్ని వారాల్లో చిరుగుతుంది.

ఆ గుంటలు ఎలా పడతాయో తెలిస్తే మీ బండి పరిస్థితి అంచనా వేయొచ్చు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. స్లేవ్ సిలిండర్ అన్నిటికంటే కింద ఉంటుంది కాబట్టి మురికీ తేమా చివరికి అక్కడికే చేరతాయి. రోజూ తిరిగే బండి కంటే నెలల తరబడి నిలబడిపోయిన బండికి ఇది ఎక్కువ. 2020 లాక్‌డౌన్‌లో మా బండి నెలల పాటు కదల్లేదు. మళ్లీ తీశాక కింది సిలిండర్ కారడం మొదలైంది. విప్పితే పిస్టన్ ఆగి ఉన్న చోట సిలిండర్ అడుగున వేలి గోరంత మేర గరుకుగా ఉంది. కంటికి చిన్న మచ్చే, గోటికి మాత్రం గట్టిగా తగిలింది. దాన్ని చూసి కూడా కిట్‌కే ఒప్పుకున్నాను. అలా కిట్లు వేయిస్తూనే వచ్చాను, ఏదీ ఎక్కువ కాలం నిలవలేదు.

వాటర్ పేపర్‌తో (సన్నటి గరుకు కాగితంతో) రుద్ది నున్నగా చేస్తామంటారు. పోత ఇనుము సిలిండర్‌లో పైపై మరకలకు సన్నటి కాగితం, బ్రేక్ ఆయిల్ తడితో మెల్లగా రుద్దడం సరే. గుంట పోయేదాకా రుద్దితే సిలిండరే వెడల్పవుతుంది, రబ్బరు పట్టు తప్పుతుంది. అల్యూమినియం సిలిండర్‌ను అసలు రుద్దనివ్వకండి, పైన ఉండే గట్టి పొర పోయాక అది మరీ త్వరగా అరుగుతుంది.

కిట్ వేయిస్తే పక్కనే ఉండి ఒక్క పని చూసుకోండి. విప్పిన భాగాలను డీజిల్‌లోనో పెట్రోల్‌లోనో ముంచి కడగడం మన షెడ్లలో అలవాటు. ఇనుప సామానుకు అది మంచిదే, ఈ రబ్బర్లకు మాత్రం విషం. కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి, దాన్నే రాసి ఎక్కించాలి. మామూలు గ్రీజు కూడా పూయకూడదు. దీనికి మీరు గట్టిగా చెప్పాల్సి వస్తుంది, చెప్పండి.

కొత్త సిలిండర్ అసెంబ్లీ

కింది సిలిండర్ విషయంలో నా సలహా సూటిగా ఇదే: బండి పాతదైతే కిట్ మానేసి అసెంబ్లీ వేయండి. బయట బిగించే స్లేవ్ మార్చడం గంట పని, రెండు బోల్టులు, ఒక పైపు. కిట్ వేసినా అసెంబ్లీ వేసినా విప్పే కూలి అంతే, ఆయిల్‌లో చేరిన గాలి తీసే శ్రమ అంతే. ధరలో తేడా ఉన్నా, కిట్ పోయి ఒక ట్రిప్పు దారిలో ఆగిందంటే ఆ రోజు కిరాయిలోనే ఆ తేడా కొట్టుకుపోతుంది. మీ బండికి అసెంబ్లీ దొరకడం లేదా, దొరికినవి నాసిరకంవా, పాత సిలిండర్ గోడ అద్దంలా ఉందా? అప్పుడు మంచి కంపెనీ కిట్ వేయడమే మేలు.

షాపులో ఆకారం చూసి ఇచ్చేస్తారు, అక్కడ మోసపోకండి. పాత సిలిండర్ చేతిలో పట్టుకెళ్లండి. పైపు బిగించే మర, బోల్టుల దూరం, రాడ్ పొడవు, అన్నిటికంటే ముఖ్యంగా బోరు సైజు (లోపలి వ్యాసం) కలవాలి. చాలా సిలిండర్ల ఒంటి మీద ఆ అంకె అచ్చు పోసి ఉంటుంది. 20 మి.మీ. బోరు ఉన్న స్లేవ్ బదులు 22 మి.మీ. ది వేశారనుకోండి, బిగించడానికి చక్కగా సరిపోతుంది. కానీ వైశాల్యం 21 శాతం పెరుగుతుంది, అదే ఆయిల్‌కు రాడ్ ప్రయాణం సుమారు 17 శాతం తగ్గుతుంది. పెడల్ మెత్తగా హాయిగా ఉంటుంది, గేరు మాత్రం పడదు. ఇక గాలి ఉందేమోనని రెండు రోజులు బ్లీడింగ్ చేస్తూ కూర్చుంటారు.

టీవీఎస్ గిర్లింగ్ లాంటి పేరున్న డబ్బా దొరికితే అదే తీసుకోండి, బిల్లుతో సహా. పేరు లేని లోకల్ అసెంబ్లీ కంటే పేరున్న కంపెనీ కిట్ నయం అని నా అభిప్రాయం. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పాత బండి నుంచి తీసిన సెకండ్ హ్యాండ్ సిలిండర్లు కూడా ఇస్తామంటారు. తలుపులు, సీట్లు, గేర్ బాక్స్ సెకండ్ హ్యాండ్‌వి తీసుకోండి, నేనూ తీసుకున్నాను. ఆయిల్ ఎండిపోయి ఎంతకాలం పడి ఉందో తెలియని సిలిండర్ మాత్రం వద్దు.

పైది, కిందిది, హోస్ ఒకేసారి

శ్రీశైలం దారిలో నేర్చుకున్నది ఇదే. కింది దానికి కొత్త రబ్బర్లు పడితే పై దానికి ఎందుకు ముప్పు? రెండు కారణాలు. ఇన్నాళ్లూ కింద కారుతూ ఉంటే పెడల్‌లో పూర్తి ఒత్తిడి ఉండకపోవచ్చు. కింద బాగుపడగానే ఆ ఒత్తిడంతా పై పాత రబ్బరు మీద పడొచ్చు.

రెండోది గాలి తీసేటప్పుడు జరిగేది, నాకు దీనిమీదే ఎక్కువ అనుమానం. మాస్టర్ పిస్టన్ రోజూ తిరిగే మేర నున్నగా ఉంటుంది, దానికి అవతల ఎప్పుడూ రబ్బరు తాకని చోట మురికి, తుప్పు పేరుకుని ఉంటాయి. గాలి తీసేటప్పుడు నిపుల్ (కింది సిలిండర్ మీద గాలి వదిలే చిన్న మర) వదులు చేసి పెడల్‌ను దబదబా నేల దాకా కొడతారు. ఎదురు ఒత్తిడి ఉండదు కాబట్టి పిస్టన్ ఆ గరుకు భాగంలోకి వెళ్లి, పాత రబ్బరు అంచు చెక్కుకుపోతుంది. షెడ్డు నుంచి బండి బాగానే బయటికి వస్తుంది, కొన్ని రోజులకు పైది కారడం మొదలుపెడుతుంది.

అందుకని, పైదీ కిందిదీ రెండూ బండితో పాటు వచ్చినవే అయితే, ఒకటి పోయినప్పుడే రెండోదీ, హోసూ కలిపి మార్చేయండి. ఆయిల్ ఎలాగూ కొత్తది, గాలి తీయడం ఒకసారే. కిరాయిలకు తిరిగే బండి, పెళ్లిళ్లకూ గుళ్లకూ ఇతరుల కుటుంబాలను ఎక్కించుకునే బండి అయితే ఇందులో రెండో ఆలోచన వద్దు. ఊళ్లోనే తిరిగే సొంత బండి, పైది ఈ మధ్యే మార్చింది, టోపీ కింద పొడిగా ఉంది అంటే కిందిది ఒక్కటే మార్చుకోండి. కానీ గాలి తీసేటప్పుడు పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టించండి, పెడల్ మామూలుగా వెళ్లేంత మేరే వెళ్తుంది, పాత రబ్బరు బతుకుతుంది. ఒకసారికి డబ్బు సర్దలేకపోతే కింది సిలిండర్ అసెంబ్లీ, హోస్ ఇప్పుడు చేయించి, పైదాన్ని రోజూ వేలు పెట్టి చూసుకుంటూ వచ్చే నెలకు పెట్టుకోండి.

స్లేవ్ లోపల ఉంటే

కొన్ని వ్యాన్లలో స్లేవ్ సిలిండర్ బయట ఉండదు. గేర్ బాక్స్ షాఫ్ట్ చుట్టూ ఉంగరంలా బెల్ హౌసింగ్ లోపలే, రిలీజ్ బేరింగ్‌తో కలిసి ఉంటుంది. బ్రిటన్‌లో మనవాళ్లు పాత ఫోర్డ్ ట్రాన్సిట్ కొనుక్కుని డెలివరీ పనికి వాడుతుంటే వాళ్లకు ఎదురయ్యేది ఇదే. ఇక్కడ కిట్ అన్న మాటే లేదు, పార్ట్ ఖరీదు కూడా పెద్ద లెక్కలోది కాదు. గేర్ బాక్స్ దింపి ఎక్కించే కూలే అసలు ఖర్చు, ఒక పూట నుంచి రోజు దాకా పని.

కాబట్టి గేర్ బాక్స్ దిగిందంటే క్లచ్ ప్లేట్, ప్రెజర్ ప్లేట్ చూసి, సగం పైన అరిగి ఉంటే అప్పుడే మార్చేయండి. ఆయిల్ తడిసిన ప్లేట్‌ను పెట్రోల్‌తో కడిగి మళ్లీ వేస్తామంటే ఒప్పుకోవద్దు, అది ఎక్కడం దగ్గర జారుతుంది, వదిలేటప్పుడు వణుకుతుంది. ఇంజన్ వెనక సీల్ కాస్త చెమ్మగా ఉన్నా అదీ అప్పుడే. అలాగే, మీరు ప్లేట్ కోసమే గేర్ బాక్స్ దింపిస్తుంటే కారని స్లేవ్‌ను కూడా మార్చేయండి. పాత బండి విషయంలో కారని పార్ట్ మార్చమని నేను చెప్పేది ముఖ్యంగా ఇక్కడే. కొత్త దాన్ని బిగించక ముందు చేత్తో నొక్కి ఆడించకూడదని కూడా చెప్పండి, రబ్బరు అక్కడే దెబ్బతింటుంది.

గాలి తీయడం

మంచి పార్ట్‌లు వేసి కూడా ఇక్కడ పాడు చేసుకుంటారు. ఇద్దరు కావాలి. కింద మనిషి నిపుల్‌కు పారదర్శకమైన గొట్టం తగిలించి, రెండో కొసను కాస్త ఆయిల్ ఉన్న సీసాలో ముంచాలి. పైన మనిషి పెడల్ మెల్లగా నొక్కి పట్టుకోవాలి. కింద మనిషి నిపుల్ వదులు చేస్తే బుడగలు వస్తాయి, నిపుల్ బిగించాకే పైన మనిషి కాలు తీయాలి. "పట్టుకో", "వదులు" అని ఇద్దరూ గట్టిగా చెప్పుకుంటూ చేయాలి. ఒక్కసారి తొందరపడి ముందే కాలు తీస్తే గాలి మళ్లీ లోపలికే వెళ్తుంది. డబ్బా ఖాళీ కాకుండా చూసుకునే బాధ్యత ఒకరికి ముందే అప్పగించండి.

ఎంతకీ గట్టిపడకపోతే పెడల్‌ను కొట్టడం ఆపండి. బుడగ పైకి పోవాలనుకుంటుంది, మనం దాన్ని కిందికి నెడుతున్నాం. డబ్బా మూత తీసి, నిపుల్ వదులు చేసి, ఆయిల్ దానంతట అదే చుక్కలుగా దిగేలా అరగంట వదిలేయండి. లేదా కొత్త సిరంజితో నిపుల్ నుంచే పైకి ఆయిల్ ఎక్కించండి, డబ్బా పొర్లకుండా ముందే కొంత తీసేసి. మా బండికి నాలుగు సార్లు కాలితో కొట్టి రానిది సిరంజితో పది నిమిషాల్లో వచ్చింది. ఆయిల్ పెయింట్‌ను తినేస్తుంది కాబట్టి ఒలికిన చోట వెంటనే నీళ్లు పోయండి, కంట్లో పడకుండా చూసుకోండి. తెరిచి పెట్టి నెలలైన పాత డబ్బాలోది వాడవద్దు, అది ఇప్పటికే తేమ పట్టి ఉంటుంది.

మాస్టర్ మార్చినప్పుడు పెడల్ రాడ్‌కూ పిస్టన్‌కూ మధ్య వెంట్రుకంత ఖాళీ ఉంచాలి. పెడల్ మీద వేలితో నొక్కితే మొదట కొంచెం ఆట తెలుస్తుంది. అది లేకపోతే ఆయిల్ డబ్బాలోకి తిరిగి వెళ్లే సన్న రంధ్రం మూసుకుపోయి, ఇంజన్ వేడెక్కాక క్లచ్ సగం నొక్కినట్టే ఉండి ప్లేట్ జారుతుంది.

పని అయ్యాక షెడ్డులోనే పెడల్‌ను నొక్కి నిమిషం పట్టుకోండి, రివర్స్ గేరు వేసి చూడండి. ఇంటికి వచ్చి కింది సిలిండర్ కింద న్యూస్ పేపర్ పరిచి, డబ్బా మీద ఆయిల్ మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీయండి. వారం రోజులు రోజూ పొద్దున్నే మూడు చూడండి: పేపర్, గీత, మ్యాట్ కింద మీ వేలు. గీత కిందకి ఆయిల్ దిగితే, పేపర్ పొడిగా ఉన్నా సరే, బిల్లు తీసుకుని అదే రోజు షెడ్డుకు వెళ్లండి.